కాడితో కొలిచిన ట్రాక్టరు

పెద్దమండ్యం మల్లప్ప ఎద్దుల్ని పక్కూరి శివప్పకు అమ్మేసి, 2004లో మదనపల్లెకు పోయి చిన్న ట్రాక్టరు కొన్నాడు. కొనేముందు ఇంటి నుంచి మోసుకుపోయిన కాడిమానుతో దాని వెడల్పు కొలిచి, "మన చేని దావలో పడతాది" అని మీసం దువ్వాడు. తొలివాన పడిన పొద్దున, చేనికి పోయే దావలో రెండు బండల మధ్య అది ఇరుక్కుపోయింది.

"ఈ సందులో కాడి యాపొద్దైనా అడ్డంగా పోయిందా? నువ్వు భుజానేసుకుని పోతాంటివి, ఎద్దులు ఒకదాని యెనక ఒకటి పోతాండె," అంది పెళ్లాం గౌరమ్మ.

థూ, ఇదీ ఒక బుర్రేనా! మల్లప్పకు తన మొహాన తనే ఉమ్మేసుకోవాలనిపించింది. దున్నకముందే నేల పదును ఆరిపోతాదని శివప్పను బతిమాలి ఆ ఎద్దుల్నే బాడుగకు తెచ్చాడు. అవి ముందు ట్రాక్టరును వెనక్కి లాగాయి. కాడి విప్పగానే, ఎవరూ అదిలించకుండానే, ఒకదాని వెనక ఒకటి సందులోకి నడిచాయి.

మల్లప్ప కాడి భుజానేసుకుని వాటి వెనకే పోయాడు.