సత్తెమ్మక్క అడిగే మాట

మణికొండలో మా అపార్టుమెంటు మెట్లు ఫినాయిలుతో కడిగిన పొద్దున నేను గుమ్మం దగ్గరే నిలబడిపోతాను. ఆ వాసనతో పట్నం జైలులోని ఆడవాళ్ల బ్యారక్ కళ్ల ముందుకు వస్తుంది, వెనకే సత్తెమ్మక్క. డెబ్బైల మొదట్లో మా ఆయన పోయాక నాకు అక్కడ కాపలా పని దొరికింది. లింగంపల్లిలో రైలెక్కి పోయేదాన్ని. అక్క మాకు పెద్ద వార్డరు.

కొత్తగా వచ్చినామె ప్రాణం తీసుకుంటుందేమో కనిపెట్టడం కూడా మా పనే. దానికి డాక్టరూ లేడు, కాగితమూ లేదు. అక్క ఆమె పక్కన నేలమీద కూర్చుని, పేలు చూస్తూ అడిగేది: "ఇంటికాడ బర్రెకు గడ్డి ఎవరేస్తున్నరే?" "అయ్యో, ఎవరేస్తరక్కా!" అని ఆమె పరేషాన్ అయితే అక్క మొహం తేటపడేది.

"ఇంటి ఫికర్ ఉన్నామె బతుకుతది. ఏ ఫికర్ లేదన్నదాన్ని వదలకు," అనేది నాతో.

"గట్లయితే నాకున్న ఫికర్లకు నేను నూరేండ్లుంట."

"ఉండు తియ్, నా నెత్తి మీద!"

ఒకనాడు ఇద్దరు వచ్చారు. "ఇయ్యాల నువ్వే చూడు," అని అక్క ఆఫీసుకు పోయింది. ఒకామె గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. రెండో ఆమె బాలమణి, నెమ్మదిగా ఉంది. బర్రె మాట నేను అడిగితే, "బర్రెను చెల్లెకిచ్చిన. పిల్లను అత్త సాదుతది. ఏం ఫికర్ లేదక్కా," అంది. తన రొట్టె ఏడ్చేదానికి పెట్టేసింది. ఎంత మంచి మనిషి అనుకున్నాను. రోజంతా ఏడ్చేదాన్నే పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం పేర్లు పిలిచేసరికి బాలమణి పలకలేదు. అప్పటికే ప్రాణం తీసుకుంది.

"కొత్తవాళ్లను చూసింది ఎవరు?" అని సూపరింటెండెంటు గద్దించాడు. పని పోతే నా ఇద్దరు పిల్లలకు గంజి కూడా లేదు. తల వంచుకుని అక్క వెనక్కి జరిగాను.

"నేనే సార్," అంది సత్తెమ్మక్క.

హోదా తగ్గించి ఆమెను దూరపు జైలుకు పంపారు. గేటు దగ్గర కాళ్ల మీద పడ్డాను. "నీ మీదెందుకు ఏసుకుంటివక్కా?"

"లెవ్వే. నువ్వు గూడ పోతే ఈడ వాళ్ల పక్కన కూసునేదెవరు? లోపల కొత్తామె ఉన్నది, పో."

పోయాను. పని విడిచేదాకా ఎందరి పక్కన కూర్చున్నానో, ఎందరి తలలో పేలు చూశానో. నిజం మాత్రం ఏ సారుకూ చెప్పలేదు. ఆ మచ్చతోనే అక్క కన్నుమూసిందని తరువాత విన్నాను. నాకు రాత రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఇక్కడికి వచ్చి పెన్ను ఆపి, నా మొహంలోకి చూసింది.

"ఆపకు బిడ్డా, రాయి. ఆనాడు బాలమణిని చూసింది సత్తెమ్మక్క కాదు. నేను."