గున్వోర్ వదిన తొక్కిన దారి

మా నార్వే కొండల్లో చలికాలం ఆలస్యంగా తెల్లవారుతుంది. అయినా నాకెప్పుడూ గడియారంతో పని పడలేదు. మా ఆయన హల్వర్ ట్రాక్టరు చప్పుడు వినగానే కాఫీ పెట్టేదాన్ని. ఆయన వంతెన దాకా మంచు తోసి వాకిట్లోకి తిరిగొచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉండేది. కిందటేడు ఆకులు రాలే రోజుల్లో ఆయన పోయాడు. తర్వాత వచ్చిన చలికాలమంతా నేను కాఫీ పెట్టింది వేరే చప్పుడు విని. కరకరమని మంచు నలిగేది, మధ్యమధ్య ఒక తిట్టు వినిపించేది.

ఆ తిట్టు మా గున్వోర్ వదినది. హల్వర్‌కి అక్క. పంచాయతీ వాళ్ల మంచు తీసే బండి వంతెన దగ్గర్నుంచే వెనక్కి మళ్లుతుంది. వదిన ఇల్లు అక్కడే. ఆపైన వాలులో ఉన్నది మా ఇల్లొక్కటే.

తమ్ముణ్ణి సాగనంపి వచ్చిన వదిన మంచమెక్కింది. జబ్బేమీ లేదు. లేచి చేయాల్సిన పనేదీ కనిపించలేదంతే. నేను రోజూ దిగి వెళ్లి ఇంత సూప్ తాగించేదాన్ని. కిటికీ తెరలు తీస్తే, నేను గుమ్మం దాటగానే మళ్లీ వేసుకునేది. అలా ఉండగా ఒకనాడు నడుము లోతు మంచు పడి నేను దిగలేకపోయాను. మర్నాడు కిటికీలోంచి చూస్తే ఎర్ర టోపీ ఒకటి మెల్లగా పైకి వస్తోంది. కాళ్లకు చాటలంత మంచుజోళ్లు. కొమ్మలు వంచి, తాళ్లు అల్లి హల్వర్ అక్క కోసం చేసినవి.

"బతికే ఉన్నావుటే?" అంది గుమ్మంలో రొప్పుతూ.

"ఉన్నాను వదినా."

"ఆ ముక్క ఫోన్లో చెప్పి చావొచ్చుగా! నా మోకాళ్లు అరిగిపోయాయి."

"చేశాను. నువ్వు ఎత్తలేదు."

"ఎత్తితే సూప్ తాగావా అంటావు."

ఆనాటి నుంచి రోజూ వచ్చింది. తొక్కిన దారిని ఒక్కరోజు వదిలినా మళ్లీ మొదటికొస్తుందట. పొడి మంచులో కాళ్లు ఎడంగా వేసి నింపాదిగా నడిచేది. కాస్త ఎండ కాస్తే జోళ్ల కింద మంచు పిండిలా అంటుకునేది, కర్రతో కొట్టి దులుపుకునేది. వాగు మలుపులో గాలికి మంచు అంచు బయటికి పెరుగుతుంది, దాని కింద నేల ఉండదు. అక్కడ కొండను రాసుకుంటూ వచ్చేది. ఆవిడకి అసలు గిట్టనిది, తొక్కిన దారిలో ఉత్త బూట్లతో నడిచేవాళ్లు. మోకాలి దాకా దిగబడి గుంటలు చేస్తారు. రాత్రికవి రాయిలా గడ్డకడితే మర్నాడు కాలు మడతపడేది ఆవిడకి.

చలికాలం చివర్లో ఆ తప్పు చేసింది పంచాయతీ బండి నడిపే ఓడ్వారే. వదిన మా వంటింటి కిటికీ తీసి మరీ అరిచింది.

"ఏరా ఓడ్వార్! దారనుకున్నావా, బంగాళదుంపల చేననుకున్నావా? అన్ని గుంటలేంట్రా!"

"తిట్టకత్తా, మంచి కబురు తెచ్చాను," అంటూ లోపలికొచ్చి నా వైపు తిరిగాడు. "దగ్నీ పిన్నీ, వచ్చే చలికాలం బండి మీ వాకిలి దాకా తెస్తాను. పంచాయతీ ఒప్పుకుంది. నేల గడ్డకట్టకముందే మీరు దారికి రెండు వైపులా గుర్తు కర్రలు పాతాలి, అంతే. అవి లేకపోతే మంచులో అంచు కనపడదు. బండితో సహా వాగులో ఉంటాను."

"మంచిదే," అంది వదిన. "నా మోకాళ్లకి సెలవు."

నేను కాల్చిన వాఫిల్ అట్టు మీద జున్ను ముక్క పెట్టుకుంది గానీ తినలేదు. వెళ్లేముందు మంచుజోళ్లు కట్టుకుంటూ, "ఇక వీటిని అటకెక్కించాలి," అంది. నాకు ఆ మూసిన తెరలు గుర్తొచ్చాయి.

వేసవంతా ఆవిడ తోట ఆవిడది, నా గొర్రెలు నావి. మళ్లీ ఆకులు రాలాయి. ఓడ్వార్ కర్రల కట్ట తెచ్చి మా కొట్టం గోడకి ఆనించి వెళ్లాడు. అదే వారంలో వదిన ఫోను ఎత్తడం మానేసింది. నిన్న దిగి వెళ్లాను. మధ్యాహ్నం వేళ తెరలు వేసే ఉన్నాయి.

"లే వదినా."

"లేచి ఏం చెయ్యను? దారి బండే తీస్తుందిగా."

"కర్రలు పాతలేదు."

దుప్పటిలోంచి తల బయటికొచ్చింది. "ఎందుకని?"

"నడుం నొప్పి."

"మొన్న దుంపలన్నీ తవ్వావు!"

"అందుకే నొప్పి."

"మరి నేల గడ్డకడితే?"

"కర్ర దిగదు. బండి రాదు."

దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. "అంటే ఈ ఏడు కూడా నేనే చావాలన్నమాట."

"నీ ఇష్టం."

"ఇష్టమేంటే ఇష్టం! అటక మీంచి ఆ జోళ్లు దించు. ఎడమదాని తాడు తెగింది. ఎలకలు కొరికాయో ఏమో చూడు. ఈ చీకట్లో నీకేం కనపడుద్ది!" అంటూ తెర తనే పక్కకి లాగింది.

ఇవాళ కొట్టం దగ్గర నేల మెత్తగానే ఉంది. పాతాలంటే మంచి అదను. కర్రల కట్టకి కట్టిన తాడు విప్పలేదు. గడ్డపారని లోపల పెట్టి తలుపు వేసి, కాఫీ గింజలు విసురుకోవడానికి ఇంట్లోకొచ్చాను.