బాయిలర్‌కు బొట్టు పెట్టిన దసరా

ఒక ఆసుపత్రిని రోగులతో సహా పావుగంటలో రోడ్డు మీదికి తెచ్చిన ఘనత నాది. నడవలేనివాళ్లు కూడా నడిచారు. మందుతోనో మంత్రంతోనో కాదు, గుప్పెడు పసుపుతో సాధించాను. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత తీరిక దొరకదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మంచిర్యాలలో ఒక ఆసుపత్రి బాయిలర్ రూములో కొత్తగా చేరాను. ఆ బాయిలర్ పంపే ఆవిరితోనే వంటగదిలో రోగులకు అన్నం ఉడికేది, లాండ్రీలో దుప్పట్లు ఉతికేవాళ్లు, ఆపరేషన్ కత్తులు శుభ్రమయ్యేవి. ఆసుపత్రి నడిచేది డాక్టర్ల వల్ల కాదు, ఈ సదానందం వల్లే అని నా నమ్మకం. మాది సిరిసిల్ల. మా ఇంటిల్లిపాదీ సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసేవాళ్లే. నేను పెట్టె సర్దుకుంటుంటే బాపు ఒకే మాటన్నాడు.

"ఆర్నెల్లు సూస్త. ఆడ కుదరకపోతె వాపస్ వచ్చి సాంచ నడుపు."

ఆ 'వాపస్' తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి.

నాకు పని నేర్పినవాడు ఖాజా మామ. ముప్పై ఏళ్లుగా ఆ బాయిలర్‌ను కనిపెట్టుకుని ఉన్న పెద్దమనిషి. ఆ దసరాకు భైంసాలో మేనకోడలి పెళ్లి ఉందని, మొదటిసారి బాయిలర్‌ను నా ఒక్కడి చేతిలో పెట్టాడు. సూపరింటెండెంట్ మేడమ్ వచ్చి నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"ఖాజా, నువ్వు లేని రెండు దినాలు ఈ పిలగాడు సక్కగ నడిపితే పర్మనెంట్ చేస్తా. లేదంటే ఇంకొకరిని చూసుకుంటా."

మామ నన్ను బాయిలర్ ముందు నిలబెట్టి పాఠం చెప్పాడు.

"ఫికర్ జెయ్యకు బేటా. గీ నిలువు అద్దంల నీళ్లు సూడు, గా గడియారం లెక్కున్న దాంట్ల ప్రెషర్ ముల్లు సూడు. గంతే. నీళ్లు కనబడలేదనుకో, ఏం ఆలోచించకు, మంట బంద్ జెయ్. నీళ్లు లేని బాయిలర్ బాంబు లెక్క."

ఇంత పాఠంలో నా బుర్రకు గట్టిగా పట్టింది ఆ బాంబు ఒక్కటే.

దసరా పొద్దున లాండ్రీ నుంచి రాజక్క పసుపు, కుంకుమ, బంతిపూల దండ పట్టుకొచ్చింది.

"తమ్మీ, పండుగ పూట గింత బొట్టన్న పెట్టు."

"గింతనా? మా సాంచలకు ఎట్ల జేస్తమో నువ్వు సూడలే అక్కా!"

మా ఇంట్లో దసరా నాడు సాంచకు ఒక్క ఇనుప ముక్క వదలకుండా పసుపు పూస్తాం. పూయని చోటు అలుగుతుందని మా అవ్వ నమ్మకం. ఏడాదంతా సాంచ ఆగితే, ఏ మూల వదిలేశామా అని ఇంట్లో పంచాయతీ జరిగేది. కాబట్టి నేను బాయిలర్‌లో ఏ మూలా అలగకుండా చూసుకున్నాను. పైపులకు పూశాను, తలుపుకు పూశాను, నీళ్లు కనబడే నిలువు అద్దానికి పై నుంచి కింది దాకా రెండు పూతలు పూశాను. ప్రెషర్ గడియారం మీద అప్పచ్చంత కుంకుమ బొట్టు దిద్దాను. సాంచకు అద్దం ఉండదు కదా, ఈ చిన్న తేడా ఆ పొద్దున నాకు తట్టలేదు.

సాంబ్రాణి వేసి, మంట ముట్టించి, కొబ్బరి ముక్కలు తినడానికి లాండ్రీకి వెళ్లాను. వెళ్లకూడదు. వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గది నిండా పొగ. ముల్లు ఉండాల్సిన చోట ఎర్రగా ఉంది. అద్దంలో నీటి చుక్క కనబడలేదు. నా బుర్రలో బాంబు ఒక్కటే మిగిలింది. మంట స్విచ్ ఆపి ఒక్క దూకున బయటపడ్డాను.

"బాయిలర్ పేలుతది! ఉరుకుండ్రి!"

సాంచల మోతలో మాట్లాడుకుంటూ పెరిగిన గొంతు మాది. రెండో అంతస్తులో కూడా స్పష్టంగా వినిపించిందట. సెలైన్ సీసాలు చేత్తో ఎత్తి పట్టుకుని కొందరు, దిండ్లతో కొందరు వచ్చారు. కాలికి సిమెంటు పట్టీ వేసిన ఒక పెద్దమనిషి అందరికంటే ముందు గేటు దాటాడు. వంటగది వాళ్లు సగం ఉడికిన అన్నం వదిలేసి గరిటెలతో వచ్చారు.

మేడమ్ మాత్రం గేటు దగ్గర నన్ను ఆపి, "ఖాజాకు ఫోన్ కలుపు. స్పీకర్ పెట్టు" అంది.

"మామా, బాయిలర్ పేలుతున్నది!"

"మంట బంద్ జేసినవా?"

"జేసిన మామా."

"శబాష్. ముల్లు ఏడున్నది?"

"ముల్లు కనబడుతలేదు. అంత ఎర్రగున్నది."

"నీళ్లో?"

"అసలే లేవు. అద్దం పసుపుపచ్చగున్నది."

"పొగ ఉన్నదా? ఏం వాసనొస్తుంది?"

నేను చొక్కాకు పట్టిన పొగను ముక్కు ఎగబీల్చి చూశాను. "వాసన మంచిగనే ఉన్నది మామా. సాంబ్రాణి."

మామ పెళ్లి బాజాలకు దూరంగా నడిచి మళ్లీ అడిగాడు.

"బేటా, ఇయ్యాల దసరా గదా?"

"అవు మామా."

"పూజ జేసినవా?"

"మస్తు జేసిన మామా!"

"అయితె జర పొడిబట్ట తీస్కపోయి నీ బాంబును తుడువు. తడిబట్ట పెట్టకు, వేడికి అద్దం పగుల్తది. గప్పుడు నిజంగనే ఉరకాలె."

రోడ్డంతా విన్నది. ముందుగా రాజక్క నవ్వింది, తర్వాత సెలైన్ సీసాలు ఊగిపోయాయి. పట్టీ పెద్దమనిషికి అప్పుడే కాలు నొప్పి గుర్తొచ్చింది, లోపలికి స్ట్రెచర్ మీద మోసుకెళ్లాల్సి వచ్చింది. నేను అద్దం తుడిచాను. నీళ్లు సరిగ్గా సగానికి ఉన్నాయి. ముల్లు బుద్ధిగా ఉండాల్సిన చోటే ఉంది.

రెండు రోజులు నేను సిరిసిల్ల బస్సు టైములు చూసుకుంటూ గడిపాను. మామ రాగానే మేడమ్ ఇద్దర్నీ పిలిచింది.

"ఏం జెయ్యమంటవు ఖాజా ఈయన్ని?"

"మేడమ్, నీళ్లు కనబడకుంటె మంట బంద్ జెయ్యాలని చెప్పిన. జేసిండు. గదే నౌకరి. మిగిలింది తుడిస్తె పోతది."

నాకు ఉద్యోగం నిలిచింది. ఆ క్షణంలో ఖాజా మామ కాళ్లకు మొక్కాలనిపించింది. నా కళ్లలో నీళ్లు మాత్రం ఏ అద్దమూ లేకుండానే అందరికీ కనబడ్డాయి.

అందుకే బాయిలర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒంట్లో ఆవిరి ఉన్నంతవరకు అద్దమున్న ఏ వస్తువుకూ పసుపు పూయను. బండి అద్దానికి పూయను, ఇంట్లో నిలువుటద్దానికి పూయను, ఎంత గౌరవం ఉన్నా ఖాజా మామ కళ్లజోడుకు పూయను.

ఇప్పటికీ ప్రతి దసరాకు రాజక్క పళ్లెం తెస్తుంది. బాయిలర్ దాకా పోనీయదు. ఉన్న కుంకుమంతా నా నుదుటి మీదే పెట్టేస్తుంది.

"గీడ ఎంత పెట్టినా ఫికర్ లేదు తమ్మీ" అంటుంది. "లోపల సూసేటిది ఏం లేదు."