అంటు ఏ చెట్టుది?

మా పెదనాన్న నూజివీడులో మామిడికాయల వ్యాపారి. ఏ తోటకెళ్లినా కాయ రంగు చూసి మోసపోయేవాడు కాదు. ముందు రైతుని అడిగేవాడు, "ఈ అంటు ఏ చెట్టుదండీ?" అని. తల్లిచెట్టు సంగతి తెలిశాకే బేరం.

అంతటి మనిషి తన ఒంటి విషయంలో మాత్రం ఒక్క కాగితాన్ని నమ్ముకున్నాడు. కొలెస్ట్రాల్ రిపోర్టు మడిచి, చొక్కా జేబులో సిగరెట్ పెట్టె పక్కనే పెట్టుకుని తిరిగేవాడు. డాక్టరు బీపీకి మాత్రలు రాస్తే వేసుకోలేదు. పొగ మానమంటే ఆ కాగితం తీసి, "కొలెస్ట్రాల్ నార్మలండీ, నాకేమవుద్ది?" అనేవాడు. మా తాతయ్యా, మా నాన్నా యాభై దాటకుండానే గుండెపోటుతో పోయారని ఏ డాక్టరుకీ చెప్పలేదు. తోడెళ్లిన నేనైనా చెప్పానా? లేదు.

కిందటి వేసవిలో విస్సన్నపేట దగ్గర తోటలో కాయలు కోయిస్తూ కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పదో రోజున చుట్టాలంతా "కొలెస్ట్రాల్ కూడా లేదంట కదా, పాపం" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. కొలెస్ట్రాల్ లేదని బీపీ ఊరుకుంటుందా? పొగ ఊరుకుంటుందా?

పెదనాన్న కొడుకు నా పక్కకొచ్చి కూర్చున్నాడు. జేబులోంచి ఓ కాగితం తీసి, "నాదీ నార్మలేరా, మొన్నే చేయించా" అన్నాడు.

ఆ కాగితం చూడనైనా చూడలేదు నేను.

"నీదీ నాదీ అంటు ఏ చెట్టుదన్నయ్యా?" అని అడిగాను.