క్యూ కర్రలు తుడిచే కాకా

ఆర్మూర్ పసుపు మార్కెట్ పక్కనున్న పూల్ పార్లర్‌లో, బంతులను కొట్టే క్యూ కర్రలు తుడిచే ఆయనను అందరం కాకా అనేవాళ్లం. తడి పిండేసిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచి, కర్ర వెచ్చబడేదాకా అరచేత్తో రుద్దేవాడు. "కట్టెను నీళ్లు తాగనియ్యద్దు బిడ్డా," అనేవాడు.

ఒకరోజు పసుపు కొమ్ములెత్తిన చేతులతో పార్లర్ యజమాని సొంత కర్ర పట్టి ఆడి, దానికంటిన మరక పోవాలని నల్లా కింద కడిగి ఎండలో పెట్టాను. అది వంగిపోయింది. యజమాని కాకా మీద అరిచాడు. కాకా నా పచ్చటి చేతుల వైపు చూశాడు. నేను వాటిని వెనక్కి దాచుకున్నాను.

"నేనే కడిగిన సేఠ్, తప్పయింది," అన్నాడాయన. ఆ రోజే ఆయన పని పోయింది.

మొన్న పెర్కిట్ ఊళ్లో కాకా ఎదురై, "మంచిగున్నవా బిడ్డా?" అని భుజం తట్టాడు. క్షమాపణ అడగాలని నోరు తెరిచాను.

"మంచిగున్న కాకా," అని ఆటో ఎక్కేశాను.