నోరు మూయని మూకీ డైరెక్టరు

మూకీ బొమ్మలు తీసేచోట నిశ్శబ్దంగా ఉంటుందని అనుకునేవాళ్లు ఆ స్టూడియోలో ఎన్నడూ అడుగు పెట్టి ఉండరు. కోపెన్‌హాగెన్ ఊరి చివర, గాజు కప్పు కింద, ఒకే హాల్లో మూడు బొమ్మలు తీసేవాళ్లు. ఒక మూల జమీందారు పెళ్లి, ఇంకో మూల హత్య, మధ్యలో వడ్రంగుల సుత్తి దెబ్బలు. ఆ గోలనంతా మింగేస్తూ మూడో మూల నుంచి ఒక గొంతు వినిపించేది. అది డైరెక్టరు హోల్గర్ బిస్ట్రప్ గొంతు. కెమెరా తిరుగుతున్నంతసేపూ ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు.

కెమెరా తిప్పేవాడు లౌరిట్స్. పొడుగ్గా, ఎండిన చేపలా ఉండే మనిషి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాలుగు ముక్కలు మాట్లాడితే గొప్ప. మీ ఇద్దరికీ ఎలా పొసిగిందయ్యా అని ఎవరైనా అడిగితే, "నా వాటా కూడా ఆయనే మాట్లాడేస్తాడు, నాకు శ్రమ తప్పింది" అనేవాడు. కెమెరా పిడి తిప్పడానికి లౌరిట్స్ ఎప్పుడూ అంకెలు లెక్కపెట్టుకోలేదు. హోల్గర్ గొంతు నడిచినట్టు చేయి నడిచేది.

హోల్గర్ తల్లి కాలువ గట్టు మీద చేపలమ్మేది. చలికాలమంతా చెక్క బూట్లలో గడ్డి కుక్కుకుని నిలబడి, వంతెన అవతలి వాళ్లకు కూడా వినబడేలా కేకలు పెట్టేది. గొంతు ఆవిడ దగ్గర నుంచే వచ్చింది. ఇంటికొచ్చాక కూడా ఆవిడ కూర్చునేది కాదు, పొయ్యి దగ్గర నిలబడేది. రేవులో మూటలు మోసే తండ్రి, అక్కడి మగవాళ్ల అలవాటు ప్రకారం పెళ్లాన్ని తల్లీ అని పిలుస్తూ, రోజూ ఒకే మాట అనేవాడు. "చాలు తల్లీ, ఇక కూర్చో." అప్పుడు కూర్చునేది.

పెద్దయ్యాక హోల్గర్ ఊరి బయట అడవిలో జరిగే బక్కెన్ వేసవి సంతలో బొమ్మల డేరా ముందు నిలబడి జనాన్ని పిలిచేవాడు. జనం లోపలికి వచ్చాక తెర పక్కన చేరి, బొమ్మలో ఎవరెవరో, ఎందుకేడుస్తున్నారో చెప్పేవాడు. ఒకరోజు స్టూడియో మేనేజరు మెల్బీ ఆ డేరాలో కూర్చున్నాడు. తెర మీద బొమ్మ నాసిరకం. పక్కన నిలబడ్డవాడి మాటలకే ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. మర్నాడే హోల్గర్‌ను పిలిపించి డైరెక్టరు కుర్చీ ఇచ్చాడు.

నాటకాల నుంచి వచ్చిన నటులకు హోల్గర్ అంటే ఒళ్లు మంట. ఒకాయన ఏడుపు మధ్యలో ఆగిపోయి, "అయ్యా, తమరు కాస్త నోరు మూస్తే నేను ఏడుస్తాను" అన్నాడు.

"నేను నోరు మూస్తే నీకు సంతోషం కదయ్యా, ఏడుపెలా వస్తుంది?" అన్నాడు హోల్గర్.

అలాంటి వాళ్లతో పడలేక తనకు కావలసిన మనిషిని తానే వెతుక్కున్నాడు. ఆమె రిగ్మోర్. స్టూడియో బట్టలు ఇస్త్రీ చేసే అమ్మాయి. ఖాళీ ఉయ్యాల చూసి తల్లి కుమిలిపోయే ఘట్టానికి ఆమెను నిలబెట్టాడు. పాపం ఆమెకు నటన అంటే ఏమిటో తెలియదు. హోల్గర్ కూడా కథ సంగతి ఎత్తలేదు. లౌరిట్స్ పిడి తిప్పడం మొదలుపెట్టగానే మెల్లగా అందుకున్నాడు.

"తల్లీ, పొద్దున ఇంటికి తాళం వేశావు కదూ. ఇస్త్రీ పెట్టె పొయ్యి మీదే ఉందేమో. దించావా? దించినట్టే గుర్తు. పక్కన మీ అమ్మ కుట్టిన తెల్ల గౌను. అవును, అదే. ఇక్కడి నుంచి పరిగెత్తినా అందుకోలేవు. పోయింది తల్లీ, ఇక పోయినట్టే. చాలు తల్లీ, ఇక కూర్చో."

ఆ బొమ్మ చూసి ఊరు ఊరంతా ఏడ్చింది. తెర మీద రిగ్మోర్ ఏడ్చింది ఉయ్యాల కోసం కాదు, గౌను కోసమని ఆ ముగ్గురికే తెలుసు. చాలు అన్న మాట వినపడేదాకా రిగ్మోర్ ఆ ఘట్టంలోనే ఉండిపోయేది. వినపడగానే అలసిన పనిమనిషిలా కుర్చీలో కూలబడి కాఫీ అడిగేది.

అలా ఏళ్లు గడిచాయి. ముగ్గురూ కలిసి తీసిన బొమ్మల్లో మంచివి కొన్ని, చెత్తవి బోలెడు. ఒకసారి చెవిటివాళ్ల సంఘం సభ్యులు హాల్లో కూర్చుని విషాద ఘట్టంలో పకపకా నవ్వారు. తెర మీద హీరో పెదవులు చదివితే, రొట్టె మీద రాసుకునే కాలేయం ముద్ద ఎవడు తినేశాడని అడుగుతున్నాడట. షూటింగు రోజున హోల్గర్ వాడి భోజనం గురించే మాట్లాడాడు మరి.

ఇంతలో టాకీ వచ్చి పడింది. గాజు కప్పుకు నల్లరంగు పూశారు, గోడలకు దుప్పట్లు కొట్టారు, వడ్రంగులను వెళ్లగొట్టారు. తలుపు మీద ఎర్రదీపం పెట్టారు. అది వెలుగుతుంటే తుమ్మినా తప్పే. కెమెరాకు మోటారు వచ్చింది, దాన్ని నడపడానికి బెర్లిన్ మనిషి వచ్చాడు. లౌరిట్స్‌ను సామాను గది చూసుకోమన్నారు. పైకి అనే మనిషి కాదు, కానీ లోపల కుతకుతలాడాడని నేను ఒట్టేసి చెప్పగలను.

హోల్గర్‌కు మాత్రం మెల్బీ ఒక్క అవకాశం ఇచ్చాడు. "ఒక్క టాకీ తీసి చూపించు. షరతు ఒక్కటే. నోరు మెదపకూడదు." రిగ్మోర్‌కూ అదే ఆఖరి అవకాశం. నలభై దాటాయి. ఈ బొమ్మ తేలకపోతే మళ్లీ ఇస్త్రీ బల్ల దగ్గరికే వెళ్లాలి, ఆ బరువు ఎత్తే మణికట్టు ఇప్పుడు లేదు.

ఘట్టం తేలికైనదే. ఒకామె కొడుకు చేపల పడవలో వెళ్లి తిరిగి రాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి బయటికి చూడాలి. మాటలు లేవు, గాలి చప్పుడు మాత్రం ఉండాలి. ఎర్రదీపం వెలిగింది. రిగ్మోర్ కిటికీ దగ్గర నిలబడింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, చీకట్లోంచి "తల్లీ, ఇప్పుడు..." అని వినిపించింది. బెర్లిన్ మనిషి తల పట్టుకున్నాడు.

హోల్గర్ కావాలని చేయలేదు. పైపు నోట్లో కరిచిపెట్టుకున్నాడు, పైపు జారిపడింది. నల్లటి అతిమధురం బిళ్లలు బుగ్గన కుక్కుకున్నాడు, బిళ్లలతో సహా మాటలు బయటపడ్డాయి. చివరికి శబ్దం పట్టే మనిషితో పాటు అద్దాల గదిలో కూర్చోబెట్టారు. అక్కడ ఎంత అరిచినా బయటికి వినపడదు. వినపడకపోయేసరికి రిగ్మోర్ కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. ఏ వైపు చూడాలో, చేయి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"రేపటికి ఈ ఘట్టం సరిగ్గా రాకపోతే నాటకాల్లోంచి ఒకామెను తెస్తాను" అన్నాడు మెల్బీ.

సాయంత్రం బీరు కొట్లో హెర్రింగు చేప, రై రొట్టె ముందు పెట్టుకుని హోల్గర్ ముట్టుకోలేదు. లౌరిట్స్ తన గ్లాసు తాను తాగాడు.

"నేను లోపల ఉంటే నోరు ఆగదు. నేను లేకపోతే ఆమె కదలదు. ఏం చెయ్యమంటావురా?"

"బయటికి రా" అన్నాడు లౌరిట్స్. ఆ రోజుకు అతని మాటలు అవే.

మర్నాడు పొద్దున హోల్గర్ రిగ్మోర్‌ను పక్కకు పిలిచాడు. "తల్లీ, నేను బయట బల్ల మీద కూర్చుంటా. నువ్వు మొదలుపెట్టగానే నేనూ అక్కడ మొదలుపెడతా."

"నాకు వినపడదుగా."

"వినపడదు."

"మరి కూర్చుని ఏం లాభమండీ?"

"ఇన్నేళ్లు విన్నావు. నేనేం చెప్తానో నీకు తెలియదూ?"

"ఎలా తెలుస్తుంది? రోజుకో కొత్త అబద్ధం చెప్తారు మీరు."

"అయితే ఈసారి అబద్ధం నువ్వే చెప్పుకో" అని హోల్గర్ టోపీ పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

పెరట్లో బొగ్గుల కుప్ప పక్కన ఒక బల్ల ఉంది. సన్నగా జల్లు పడుతోంది. హోల్గర్, లౌరిట్స్ పక్కపక్కన కూర్చున్నారు. ఎర్రదీపం వెలిగింది. హోల్గర్ తలుపు వైపు వంగి గుసగుసగా మొదలుపెట్టాడు.

"తల్లీ, ఇస్త్రీ కొట్లో పొద్దుపోయింది. మీ ఆయన ఇంకా రాలేదు. చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించావు. కాలర్ సరిచెయ్యి. వీధిలో అడుగులు. కాదు, పాలబండి. మళ్లీ సరిచెయ్యి. ఆ చొక్కా వేసుకునే మనిషి లేడని నీకు తెలుసు, చొక్కాకే తెలియదు..."

లౌరిట్స్ తన కుడిచేయి చూసుకున్నాడు. గాలిలో అది గుండ్రంగా తిరుగుతోంది. సిగ్గుపడి ఆపబోయాడు, తర్వాత ఎందుకులే అని తిరగనిచ్చాడు.

"చాలు తల్లీ, ఇక కూర్చో" అని హోల్గర్ ముగించాడు.

దీపం ఆరలేదు. ఇద్దరూ దాని వంకే చూశారు. జల్లు కాస్త వానైంది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"నేను చెప్పింది అయిపోయిందిరా. ఇంకా ఏం చేస్తోంది లోపల?" అన్నాడు హోల్గర్.

చాలాసేపటికి దీపం ఆరింది. మొదట బయటికొచ్చింది బెర్లిన్ మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. వెనకాల మెల్బీ. చివరికి రిగ్మోర్ శాలువా కప్పుకుని వచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఏం చేశావమ్మా అంతసేపు?" అన్నాడు హోల్గర్.

"ఏమీ చెయ్యలేదు. కూర్చోమనేవాళ్లు లేరుగా. అంటారేమోనని ఎదురుచూస్తూ నిలబడ్డాను."

ఆ ఎదురుచూపే బొమ్మకు ప్రాణం పోసింది. కొడుకు కోసం కిటికీలోంచి అలా చూసిన తల్లిని ఎవరూ చూడలేదని తర్వాత పత్రికలన్నీ రాశాయి. ఆ రోజు హోల్గర్‌కు సంతోషం పట్టలేదు. ఆ సంతోషంలో ఉండగానే మెల్బీ ఆయన భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకెళ్లాడు.

"బయట కూర్చుని తీయించగలిగినవాడివి, ఇంట్లో కూర్చుని కూడా తీయించగలవు కదా హోల్గర్. మిగతా బొమ్మ ఇంకొకరు చూసుకుంటారులే."

 హోల్గర్‌కు జవాబు దొరకని సందర్భం లౌరిట్స్ చూసింది అదొక్కటే. మెల్బీ మీద నాకు కోపం అందుకే, తీసేసినందుకు కాదు. తీసేసేటప్పుడు కూడా వెటకారమాడాలా?

ఆ ఏడు వేసవికి హోల్గర్ మళ్లీ బక్కెన్ సంతలో తేలాడు. ఈసారి బొమ్మల డేరా కాదు, గుర్రాల రంకులరాట్నం. గొంతు మాత్రం అదే. రిగ్మోర్ టాకీల్లో తల్లి వేషాలకు పేరు తెచ్చుకుంది. ప్రతి వేసవిలోనూ ఒక ఆదివారం లౌరిట్స్‌ను వెంటబెట్టుకుని వెళ్లేది. జనంలో ఆమెను చూడగానే హోల్గర్ రాట్నం సంగతి పక్కన పెట్టేసి, "అదిగో, మా ఇస్త్రీ అమ్మాయి, ఇంటికి తాళం వేశావా?" అని అరిచేవాడు. జనం నవ్వేవాళ్లు. ఆమె ప్రతిసారీ, "వేశానండీ, పెట్టె కూడా దించాను" అని జవాబు చెప్పేది.

ఒక చలికాలం ఊపిరితిత్తుల జబ్బు చేసి హోల్గర్ పోయాడు. శ్మశానం ప్రార్థనా మందిరంలో పట్టుమని ఇరవైమంది లేరు. స్టూడియో నుంచి పూలచక్రం వచ్చింది, మనిషి రాలేదు. పాస్టరు శవపేటిక మీద మూడుసార్లు మట్టి వేసేటప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. ఆశీర్వచనం అయ్యాక కూర్చున్నారు. ముందు వరసలో రిగ్మోర్ మాత్రం కూర్చోలేదు. చేతులు జారవిడిచి పేటిక వైపే చూస్తూ నిలబడింది. పాస్టరు ఆగాడు. ఎవరో దగ్గారు. దుఃఖంలో ఉంది, ఉండనివ్వండి అని ఎవరో గుసగుసలాడారు.

ఆమె ఎందుకు నిలబడిందో లౌరిట్స్‌కు తెలుసు. రెండో వరసలోంచి ముందుకు వంగాడు.

"చాలు తల్లీ" అన్నాడు. "ఇక కూర్చో."

రిగ్మోర్ కూర్చుని, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.