ఇత్తడిలా తోమిన పళ్ళు

వేల ఏళ్ల చరిత్రను ఒక్క పూటలో, చింతపండూ ఇటుకపొడీ పెట్టి తోమి ఖతం చేసిన మొనగాడు మిర్యాలగూడలో ఒక్కడే ఉన్నాడు. అది నేనే!

ఎనభైల చివరి మాట. మాది ఇత్తడి సామాన్ల దుకాణం. పాత బిందె కొనడం, మెరిసేదాకా తోమడం, కొత్తదాని పక్కన పెట్టి అమ్మడం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. త్రిపురారం సైదులు మామ బావి తవ్వుతుంటే పాతకాలపు రాతి సమాధిలో దొరికిన మట్టికుండను దుకాణానికి తెచ్చాడు. లోపల మట్టి, మట్టిలో గుప్పెడు పళ్ళు.

"రాక్కసి గూట్ల దొరికినయ్ అల్లుడా. ముట్టాలంటెనే భయమైతాంది."

"భయమెందుకే మామా! సూర్యాపేట కాడ యూనివర్సిటీ మేడమ్ గిసుంటియే ఏరుతున్నదట. అమ్ముదాం!"

"సచ్చినోళ్ళ పండ్లు ఎవలు కొంటర్రా?"

"గిట్ల మురికిగుంటె ఎవలు కొంటరు? జర ఆగు!"

తోమాను. కొన్ని పళ్ళ మీద అడ్డంగా సన్నటి గాడి గీతలు. సొట్టపడ్డ చెంబును మీరైతే కొంటారా? ఆకురాయితో రుద్ది సాపు చేశాను. పెళ్ళికూతురు కూడా ఈర్ష్యపడేంత తళతళ!

మర్నాడు పళ్ళు నా రుమాల్లో, కుండ మామ చంకలో పెట్టుకుని బస్సులో ఇద్దరం సూర్యాపేట చేరాం. గుడారంలో మేడమ్ నా రుమాలు విప్పింది, భూతద్దం పెట్టింది, పాలిపోయింది.

"వీటి మీద గీతలేమైనా ఉండేవా?"

"ఉండె మేడమ్. మొత్తం తీసేసిన! మాల్ సాపుగుండాలె గద?"

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఆ గీతలే కదయ్యా నాకు కావలసింది! చిన్నతనంలో పెద్ద జబ్బు చేసినా, తిండి లేకపోయినా, పెరిగే పంటి మీద పూత ఆగి గాడి పడుతుంది. ఎక్కడ పడిందో చూస్తే ఏ వయసులోనో తెలుస్తుంది. ఆ గాడి మళ్ళీ పూడదు."

ఆకురాయి పడితే పూడుతుందని అనబోయి నాలుక కరుచుకున్నాను.

మామ చంకలోని కుండను మేడమ్ లాక్కుంది. అడుగున ఎండిన మట్టిలో ఒక్క పన్ను! మెత్తటి కుంచెతో దులిపి అరిచింది. "ఇదిగో గీత! మూడేళ్ళప్పుడు ఈ బిడ్డ చావు అంచుదాకా పోయింది. ఆ గీత దాటాక చూడండి, పూత మళ్ళీ నున్నగా సాగింది!"

"అంటె బతికిందా?" మామ ఎగిరి గంతేశాడు, సొంత మనవరాలు దవాఖాన నుంచి ఇంటికొచ్చినట్టు. నేనూ గంతేశాను.

"మల్ల జరమొచ్చిందా మేడమ్? కడుపునిండ తిన్నదా?" అడిగాడు మామ.

"ఈ బిడ్డకు తర్వాత పెరిగిన దవడపళ్ళు చెప్పేవి," అంటూ ఆమె నా రుమాలు వంక చూసింది.

ఆ రోజే దుకాణంలోని పెద్ద బిందె మీద చెయ్యేసి ఒట్టేశాను: నా పళ్ళు తప్ప లోకంలో ఎవరి పళ్ళూ తోమను.

ఇక లెక్క. ఖర్చు: బస్సు కిరాయి, చింతపండు, ఇటుకపొడి. రాబడి: మేడమ్ పోయించిన చాయ్. నష్టం: బతికిన ఆ బిడ్డ ఆ తర్వాత ఎట్లా పెరిగిందో ఇంకెవరికీ తెలియదు.